గోటి క్రింది ఆవగింజ

ఈ పత్రికలో నేను వ్రాయునది సాధారణముగా మన బడులలోని తెలుగు తరగతుల గురించియో, సంఘభవనపు మరమ్మతు చందాల గురించియో అయి యుండును. ఈ వారము ఒక గోటిని గురించి వ్రాయదలచితిని. గోటితో పోవుదానికి గొడ్డలి యెందుకని మనలో ఒక సామెత కలదు. నేను చెప్పబోవు వ్యాధి విషయములో మనవారు గొడ్డళ్లను ఎన్నింటినో వెదకుచున్నారు గాని, గోటివంక నిదానించి చూచుట లేదు.

నేను వైద్యుడను కాను. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి నూలు వ్యాపారములో దిగినవాడను. ఇందులోని వైద్యవిషయములు చేతి శస్త్రచికిత్సలు చేయు వైద్యుల నడిగియు, గ్రంథములు చూచియు తెలిసికొన్నవి. అభిప్రాయములు మాత్రము నావి. వానికి నేనే బాధ్యుడను.

వ్యాధి పేరు గ్లోమస్ కణితి. మన చర్మములో, ముఖ్యముగా వ్రేళ్ల కొనలయందును, అరచేతులలోను, అరికాళ్లలోను, రక్తనాళముల చిన్న చిన్న ముడులు కలవు. గుండెనుండి రక్తమును తెచ్చు సన్నని ధమని, రక్తమును తిరిగి తీసికొనిపోవు సిరతో నేరుగా కలియు చోట్లవి. వీనినే గ్లోమస్ అందురు. చెరువుకు తూము ఎట్టిదో చర్మమునకు ఇవి యట్టివి. తెరచుచు మూయుచు చర్మమునకు పారు రక్తమును హెచ్చించి తగ్గించి, ఒంటివేడిని సరిచూచుట వీని పని. ఈ తూము చుట్టు కండరకణముల వంటి కణములు కొన్ని కావలి కాయుచుండును. అవి ఒక్కొక్కప్పుడు అవసరమునకు మించి పెరిగి గుండ్రని ముద్ద యగును. అదియే ఈ కణితి. ఎందువలన అట్లు పెరుగునో చాలమంది విషయములో వైద్యశాస్త్రమునకే తెలియదు. బీడీలు చుట్టుట వలన వచ్చుననియు, సబ్బునీళ్ల వలన వచ్చుననియు మన పేటలో అనుకొనుటకు ఆధారమేమియు లేదు.

ఇది అరుదైన వ్యాధి. మెత్తని కణజాలములో పుట్టు కణితులన్నిటిని లెక్కించినచో నూటికి రెండు కూడ ఇట్టివి ఉండవు. చేతిలో పుట్టు కణితులను మాత్రము లెక్కించినచో నూటికి ఒకటి మొదలు అయిదు వరకు ఉండునందురు. ఒంటిలో ఎక్కడనైనను రావచ్చును గాని, చేతివ్రేళ్ల గోళ్ల క్రింద వచ్చుటయే హెచ్చు. గోటి క్రిందిది పురుషులకంటె స్త్రీలకు అధికముగా, అందును ముప్పది ఏబది ఏండ్ల నడుమ వారికి వచ్చుచుండును. పరిమాణము సామాన్యముగా సెంటీమీటరునకు లోపే. ఆవగింజంతవి, జొన్నగింజంతవి మెండు. కాని గోటికిని ఎముకకును నడుమ నున్న చోటు ఎంత? ఆ యిరుకులో ఆవగింజ కూడ కొండయే.

1812లో ఎడింబరో నగరమున విలియం వుడ్ అను శస్త్రవైద్యుడు, చర్మము క్రింద పుట్టి భరింపరాని బాధ పెట్టు చిన్న బుడిపెలను గూర్చి వ్రాసెను. 1924లో పియర్ మాసోన్ అను ఫ్రెంచి వైద్యుడు సూక్ష్మదర్శిని క్రింద పరిశీలించి, ఇది గ్లోమస్ నుండి పుట్టు కణితి యని వివరించెను. చూచినదానిని సరిగా పోల్చుకొనుటకు పెద్ద పెద్ద పండితులకే నూట పండ్రెండేండ్లు పట్టినది. కనుక మన పేటలోని చిన్న దవాఖానాలో మొదటి దినముననే పోల్చలేకపోయిరని ఎవరిని నిందించుటకును నేను కలము పట్టలేదు.

ఇక గుర్తులు. ఇవి మూడు. మొదటిది, ఉన్నట్టుండి పొడుచుకొని వచ్చు పోటు, అది ఒక్కొక్కప్పుడు మోచేతివరకు, భుజమువరకు ఎగబ్రాకును. రెండవది, వ్రేలికొనపై ఒక్క బిందువునందు మాత్రమే ఉండు నొప్పి. అక్కడ దుప్పటి అంచు తగిలినను ప్రాణము విలవిలలాడును, దానికి రెండు నూలుపోగుల దూరమున నొక్కినను ఏమియు ఉండదు. మూడవది, చల్లదనము సహింపలేకపోవుట. చన్నీళ్లు తగిలిన తోడనే జివ్వుమని లేచును. ఈ మూడును ఒక్కచోట కలిసినపుడు గ్లోమస్ కణితిని అనుమానింపవలెనని వైద్యవిద్యార్థులకు బోధింతురు. కొందరికి గోటి క్రింద నీలిగానో, ఎఱ్ఱగానో చిన్న మచ్చ కనబడును. కొందరికి గోరు పొడవునా గాడి పడును, లేక కొన చీలును. అనేకులకు పైకి ఏమియు కనబడదు. వాపు లేదు, చీము లేదు, జ్వరము లేదు. చూచువారికి అది అందరి వ్రేళ్లవంటి వ్రేలే.

అసలు చిక్కు ఇక్కడనే యున్నది. కంటికి కనబడని వ్యాధిని వైద్యుడు పట్టుకొనవలెనన్న రోగి నోటిమాటయే ఆధారము. ఎక్కడ, ఎట్లు, ఎప్పుడు అను మూడు ప్రశ్నలకు సరియైన జవాబు వచ్చినచో సగము రోగనిర్ణయము అప్పుడే యైనది. రాకపోయినచో ఏండ్లు గడచిపోవును. ఈ వ్యాధిని కనుగొనుటలో సంవత్సరముల కొలది ఆలస్యము జరుగుట అన్ని దేశములలోను ఉన్నదే. మనకు దానిపైన మరియొక ఆలస్యము కలదు. అది భాష తెచ్చిన ఆలస్యము.

మన షోలాపురములో, పూర్వభాగపు పేటలలో, మూడు నాలుగు తరములుగా మగ్గములు నమ్ముకొని యున్నవారము. మన పిల్లలు మరాఠీ మనకంటె చక్కగ మాటలాడుదురు. మన స్త్రీలలో కూడ బజారు మరాఠీ రానివారు తక్కువ. కూరగాయలు బేరమాడుటకు, బీడీ కార్ఖానాలో లెక్క చెప్పుటకు, రేషను దుకాణములో తగవులాడుటకు వారి మరాఠీ సరిపోవును. కాని ఒంటి బాధను చెప్పు మాటలు బజారులో నేర్చునవి కావు. అవి తల్లి ఒడిలో నేర్చునవి. తెలుగులో మనకు నొప్పి వేరు, పోటు వేరు, సలుపు వేరు, తీపు వేరు, మంట వేరు, తిమ్మిరి వేరు. జివ్వుమనుట వేరు, గుంజుట వేరు. ఇన్నింటిని ఎరిగిన స్త్రీ, వైద్యుని బల్లయెదుట కూర్చుండగనే ఒక్క "దుఖతే" అను మాటకు దిగిపోవును. మరాఠీలో మాటలు లేక కాదు. మన సలుపునకు వారు ఠణకా అందురు, ఉండియుండి పొడుచు పోటునకు కళ అందురు. ఆ మాటలు మనవారి నోటికి రావు, అంతే. "వ్రేలు దుఖతే" అని విన్న వైద్యుడు, బయట అరువదిమంది వరుసలో నిలిచియుండగా, నొప్పిమాత్ర వ్రాసి యిచ్చుటలో వింత యేమున్నది?

నూలు వ్యాపారములో మేము ఒక మాట అనుకొందుము. చిలపలో ఎక్కడనో ముడి యున్నదని చెప్పువాడు బేరగాడు, ఈ పోగుననే ముడి యున్నదని వ్రేలు పెట్టి చూపువాడు నేతగాడు. చూపినచో చాలు, ముడి విప్పుట క్షణము పని.

మా వీధిలో ఒక బీడీ కార్మికురాలి సంగతి చెప్పెదను. పేరెందుకు? ఆమె భర్త మరమగ్గముపై పనిచేయును. ఎడమచేతి ఉంగరపు వ్రేలు నొప్పి యని మొదట అన్ననాటికి ఆమెకు ముప్పదిరెండేండ్లు. బీడీ చుట్టు పనిని చూడనివారికి ఒక మాట చెప్పవలెను. తునికాకును ముందు నీళ్లలో తడిపి మెత్తపరతురు. దానిని కత్తెరతో కొలతకు కత్తిరించి, పొగాకు పొడి నింపి, చుట్టి, మూతిని వ్రేలికొనతో మడచి దారము కట్టుదురు. దినమునకు వందల పర్యాయములు వ్రేలికొనలు పనిచేయవలెను. కార్తీక మార్గశిర మాసములలో తెల్లవారుజామున ఆ తడియాకును తాకుటయన్న ఆమెకు నిప్పును తాకుటవలె ఉండెడిది. చుట్టిన బీడీలను బట్టియే కూలి. వెయ్యి చుట్టిన చేయి అయిదువందలకు దిగెను. ఇంటివారు ముందు గోరుచుట్టు అనుకొనిరి. నిమ్మకాయకు రంధ్రము చేసి వ్రేలికి తొడిగిరి. పుల్లని చల్లని నిమ్మకాయ ఆ వ్రేలికి ఏమి హాయి నిచ్చియుండునో పాఠకులే ఊహింపగలరు. తరువాత ఒక చోట లోపల చీము ఉన్నదని గోరు ఊడబెరికిరి. చీము లేదు. గోరు మరల పెరిగినది, బాధయు మరల వచ్చినది. రెండవమారు మరియొకచోట మరల గోరు తీసిరి. గోరుచుట్టుపై రోకటిపోటు అను సామెతను ఇంత అక్షరార్థముగా అనుభవించినవారిని నేను మరొకరిని చూడలేదు. అటుపిమ్మట నొప్పి భుజమునకు ప్రాకుచున్నదని విని మెడ యెముకల దోషమని మెడకు పట్టీ వేసిరి. చివరకు ఒకచోట, ఫోటోలన్నియు బాగుగనే యున్నవి, ఇది మనస్సునకు సంబంధించినదని నిద్రమాత్ర లిచ్చిరి. అత్తగారు పని తప్పించుకొనుటకు వేషమనెను. ఆ మాట ఆమెకు వ్రేలి నొప్పికంటె ఎక్కువ నొప్పి కలిగించినదని ఆమెయే మా ఇంటిలో చెప్పి కంట తడి పెట్టుకొన్నది. ఆరేండ్లు గడచినవి.

ఏడవ యేట, కొడుకు కాలు విరిగినందున ఆసుపత్రికి పోయినపుడు, అక్కడ శిక్షణలో నున్న తెలుగు వైద్యురాలొకతె ఆమె వ్రేలికి గుడ్డ చుట్టియుండుట చూచి, "ఏమక్కా, వ్రేలికి ఏమైంది?" అని అడిగినదట. అక్కా అని తన భాషలో పిలుపు వినగానే ఈమె ఆరేండ్ల కథను అయిదు నిమిషములలో చెప్పివేసినది. నీళ్లు తగిలిన జివ్వుమనుటను, ఒక్క బిందువునందే ఉండుటను, రాత్రి చేయి దుప్పటి బయట పెట్టుకొని పడుకొనుటను అన్నియు చెప్పినది. వైద్యురాలు జేబులోని కలము తీసి, మూసిన కొనతో గోటిపై అక్కడక్కడ నొక్కుచు వచ్చినది. నాలుగవ చోట ఈమె కెవ్వున అరచి చేయి లాగుకొన్నది. తక్కిన పరీక్షలన్నియు ఆ కలము చెప్పినదానిని స్థిరపరచుటకు మాత్రమే పనికివచ్చినవి. ఆ నెలలోనే శస్త్రచికిత్స జరిగినది. బయటకు తీసిన కణితి కందిపప్పులో సగము లేదు.

ఆ కలపు పరీక్షకు పెద్ద చరిత్ర యున్నది. 1944లో అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన లవ్ అను వైద్యుడు దీనిని గ్రంథస్థము చేసినందున ఆయన పేరుతోనే లవ్ పరీక్ష యని పిలుతురు. గుండుసూది తలతోనో, పెన్సిలు కొనతోనో నొక్కుచు పోవలెను. కణితిపై నొక్కినపుడు ప్రాణము పోవునట్లుండును, పక్కన నొక్కిన ఏమియు ఉండదు. ఇంకొకటి 1970లో హిల్డ్రెత్ అను వైద్యుడు చెప్పినది. చేయి పైకెత్తించి, రక్తపుపోటు చూచు పట్టీని చేతికి కట్టి గాలి నింపి రక్తప్రసారమును ఆపుదురు. అప్పుడు అదే చోట నొక్కినను నొప్పి ఉండదు. పట్టీ వదలగనే నొప్పి తిరిగి వచ్చును. మూడవది చన్నీటి పరీక్ష, దానిని వివరింప నక్కరలేదు. మన స్త్రీలు తడియాకుతో దినదినము చేసికొనుచున్నదే. ఈ పరీక్షలకు పెన్సిలు, చన్నీళ్లు, ప్రతి దవాఖానాలోను ఉండు పట్టీ చాలును. ఖర్చు దమ్మిడీ లేదు. కావలసినదల్లా రోగి చెప్పుట, వైద్యుడు వినుట. అయినను వీనిని ఇంటిలో చేసికొని మీరే తీర్పు చెప్పుకొనుడని నేను అనను. నరపు చివర పుట్టు గడ్డలు, గోటిక్రింద పెరుగు ఎముక మొలకలు, ఇంక ఇతర వ్యాధులును కొంతవరకు ఇట్టి బాధనే ఇచ్చును. ఆ విచక్షణ వైద్యునిదే.

అనుమానము కలిగిన పిదప ఫోటోలు తీయుదురు. మామూలు ఎక్స్‌రేలో కణితి కనబడదు గాని, చాలకాలము నొక్కుకొని యుండుట వలన కొందరికి ఎముకపై గుంట పడినది కనబడును. కనుక ఎక్స్‌రే బాగున్నదన్నంత మాత్రమున వ్యాధి లేదనుకొనరాదు. రక్తప్రవాహమును చూపు అల్ట్రాసౌండు పరీక్షలోను, ఎం.ఆర్.ఐ. పరీక్షలోను కణితి చాలవరకు తెలియవచ్చును. మరియు చిన్న కణితి ఎం.ఆర్.ఐ.కి కూడ చిక్కకుండుట కలదు. అట్టిచోట రోగి మాటకును, పెన్సిలు కొనకును విలువ నిచ్చు శస్త్రవైద్యులే మంచి వైద్యులని నా అభిప్రాయము.

చికిత్స ఒక్కటే. కణితిని పూర్తిగా తీసివేయుట. దీనికి మందులు లేవు. లేపనములు, కట్లు, వేడికాపడములు తాత్కాలికముగా ఓదార్చవచ్చునేమో గాని కణితిని కరిగింపవు. గోరు ఊడబెరికినంత మాత్రమున ప్రయోజనము లేదు. కణితి గోటిలో లేదు, గోటి క్రింది మెత్తని పడకలో నున్నది. సాధారణముగా వ్రేలి మొదట సూది వేసి ఆ వ్రేలికి మాత్రమే మత్తు కలిగింతురు. మనిషి మెలకువగనే యుండును. రక్తము అడ్డురాకుండ వ్రేలి మొదట పట్టీ బిగింతురు. గోటిని మెల్లగ ఎత్తి, క్రింది పడకను గోటి పొడవు దిక్కుననే కోసి, భూతద్దపు కళ్లజోడుతో చూచుచు ఆ ముద్దను తొలచి తీసి, పడకను సన్నని దారముతో కుట్టి, చాలచోట్ల ఆ గోటినే మరల కప్పుగా ఉంచుదురు. కణితి ప్రక్కకు ఉన్నపుడు గోటిని కదల్పక వ్రేలి ప్రక్కనుండి పోయి తీయుటయు కలదు. ఆనాడే ఇంటికి పంపివేయుదురు. తీసినదానిని సూక్ష్మదర్శిని పరీక్షకు పంపుట తప్పనిసరి. పంపిరా లేదా అని మనవారు అడుగుటకు సంకోచింపరాదు. చేతిగోరు నెలకు సుమారు మూడు మిల్లీమీటర్లే పెరుగును గనుక పూర్తి గోరు వచ్చుటకు ఆరు నెలలు పట్టును. కొందరికి గోటిపై గీత మిగులును. ఆరేండ్లు నిద్ర లేనివారు ఆ గీతను గురించి చింతింపరు.

కోత నొప్పి తగ్గుటకు కొన్ని దినములు, కొందరికి కొన్ని వారములు పట్టును. ఆ తరువాత పాత పోటు మాయమగును. మాయము కాకున్నచో, లేక కొన్ని నెలలలోనే తిరిగి వచ్చినచో, మొదట తీయునపుడు కొంత మిగిలియుండుటయే సామాన్యముగా కారణము. రెండవ కణితి పక్కనే ఉండుటయు కలదు. అట్టివారు "ఒకమారు కోయించితిమి, ఇక మన ప్రారబ్ధ" మని కూర్చుండక మరల చూపించుకొనవలెను. ఒకే మనిషికి పెక్కు వ్రేళ్లలో ఈ కణితులు వచ్చుట మిక్కిలి అరుదు. అట్లు వచ్చినపుడు, ఒంటిపై కాఫీరంగు మచ్చలు, చర్మము క్రింద మెత్తని గడ్డలు కలిగించు న్యూరోఫైబ్రోమటోసిస్ అను వంశపారంపర్యపు వ్యాధి యున్నదేమో యని వైద్యులు విచారింతురు. ఇంటిలో అట్టి మచ్చలున్నవారు ఎవరైన ఉన్నచో ఆ మాట వైద్యునికి మరువక చెప్పవలెను.

కణితి యనగనే మనవారికి రాచపుండు గుర్తువచ్చును. ఆ భయముతో కొందరు ఆసుపత్రి గడప త్రొక్కరు. గ్లోమస్ కణితులలో దాదాపు అన్నియు హానిలేనివే. అవి ప్రాకవు, ప్రాణము తీయవు. దుష్టజాతికి చెందినవి అత్యల్పము. రెండు సెంటీమీటర్లకు మించి పెద్దవై, చర్మమునకు బాగా లోతున నున్న వానిని వైద్యులు ఎక్కువ జాగ్రత్తతో చూతురు. గోటి క్రింది ఆవగింజకు ఆ వర్ణన చెల్లదు. ఇంకొక చిక్కు నేటి పిల్లల చేతిలోని ఫోను తెచ్చుచున్నది. గ్లోమస్ అని అందులో వెదకినచో చెవి వెనుక, మెడలో వచ్చు వేరు గడ్డల బొమ్మలు కూడ వచ్చి భయపెట్టును. పూర్వము వానికిని గ్లోమస్ అను పేరు పెట్టుటచేత వచ్చిన తికమక అది. ఆ వ్యాధి వేరు, ఇది వేరు.

నేను ఈ సంగతిని సంఘ కార్యవర్గములో ప్రస్తావించినపుడు ఒక పెద్దమనుషి, "వేలమందిలో ఒకరికి వచ్చు వ్యాధికై మనము సమావేశములు చేయవలెనా? నీళ్లకు, బడులకు, కూలిరేట్లకు కొరత యుండగా" అనిరి. న్యాయమైన ప్రశ్నయే. ఆయనకు నేను చెప్పినది ఇది. గ్లోమస్ కణితి వేలమందిలో ఒకరికే రావచ్చును. బాధను పరాయి భాషలో చెప్పలేక ఒక్క మాటకు కుదించుకొనుట మాత్రము మన పేటలలో ఇంటింటికి ఉన్నది. గుండెలో పట్టుకొన్నట్లుండుటను "దుఖతే" అనియే చెప్పుచున్నారు, గర్భిణి నడుము తీపును "దుఖతే" అనియే చెప్పుచున్నారు. ఈ గోటి వ్యాధి ఆ లోపమును భూతద్దములో పెట్టి చూపుచున్నది, ఎందుకన ఇందులో మాట తప్ప వేరు సాక్ష్యము లేదు. బడిలో తెలుగు నిలుపుటకు మనము దశాబ్దములుగా అర్జీలు పెట్టుచున్నాము. ఆసుపత్రి బల్లయెదుట తెలుగు నిలువవలెనని ఎవరైన ఒక్క అర్జీ వ్రాసితిమా?

మరాఠీ వైద్యులపై ఇది ఫిర్యాదు కాదు. మన నగరములో తెలుగు వైద్యులును తక్కువేమి కారు, మన ఇండ్ల పిల్లలే. కాని రోగికి ఎదురుపడు వైద్యుడు ఎవరో ముందు తెలియదు. రోగితో పోవు మనిషి ఎవరో మన చేతిలో నున్నది. ఇప్పుడు సాధారణముగా భర్తయో, కొడుకో పోవుచున్నారు. వైద్యుడు ప్రశ్న అడుగును, ఈమె నోరు తెరచులోపలే కొడుకు జవాబు చెప్పును. తల్లికి రాత్రి నిద్ర లేదని అతనికి తెలియునా? నీళ్లు తగిలినపుడు ఏమగునో అతడు ఎన్నడైన గిన్నెలు తోమి చూచెనా? తోడు పోవువారు రోగి మాటను మోసికొనిపోవు కావడివారు కావలెను. వారే మాట పుట్టించి చెప్పరాదు. ఆమె "జివ్వుమంటది" అన్నచో దానిని "దుఖతే" అని తేల్చివేయక, చల్లని నీరు తగిలినపుడు హఠాత్తుగా లేచు పోటు అని విడమరచి మరాఠీలో చెప్పగలవారు కావలెను. ఇది చదువుకొన్న స్త్రీలు చేయదగిన పని. స్త్రీ తన బాధను స్త్రీతో చెప్పునంతగా పురుషునితో చెప్పదు.

అత్తమామలకును, భర్తలకును ఒక మాట చెప్పక తప్పదు. కంటికి కనబడనిది లేదనుకొనుట వ్యాపారములో చెల్లును, ఒంటి విషయములో చెల్లదు. ఒక స్త్రీ ఏండ్ల తరబడి ఒకే వ్రేలిని, ఒకే బిందువును, ఒకే రీతిగా చూపుచున్నదన్నచో అది వేషము కాదు. వేషము వేయువారు నేడు తల యందురు, రేపు నడుము అందురు. వ్రేలు మార్చనివారిని నమ్మవలెను. ఎముకల వైద్యుని వద్దకో, చేతి శస్త్రచికిత్స తెలిసినవారి వద్దకో తీసికొనిపోవలెను. పోవుటకు ముందు, ఏ వ్రేలు, ఎన్ని సంవత్సరములు, చలికి హెచ్చునా, రాత్రి హెచ్చునా, ఇదివరకు గోరు తీసిరా అను నాలుగు మాటలు కాగితముపై వ్రాసికొని పోయినచో వైద్యునికి సగము శ్రమ తగ్గును. శస్త్రచికిత్స చిన్నదే గాని ఎం.ఆర్.ఐ. వంటి ఫోటోలకు ఖర్చు కలదు. ప్రభుత్వ ఆరోగ్యపథకములలో ఏది వర్తించునో ఆసుపత్రిలోని సంబంధిత గుమాస్తాను ముందే అడిగి, రేషను కార్డు, ఆధారు కార్డు వెంట తీసికొనిపోవలెను. సొమ్ము కట్టిన తరువాత అడుగుట మనవారి అలవాటు.

ఆ బీడీ కార్మికురాలు ఇప్పుడు మరల దినమునకు వెయ్యి చుట్టుచున్నది. అత్తగారు ఇప్పటికిని ఆ మాట వెనుకకు తీసికొనలేదు గాని, ఉదయము ఆకు తడుపు పని తానే చేయుచున్నదట.

కార్యవర్గము నా ప్రతిపాదనను పూర్తిగా అంగీకరింపలేదు, త్రోసివేయనూ లేదు. ఆరు నెలలు నడిపి చూడుమనిరి. వారమునకు రెండు దినములు ఉదయము తొమ్మిది మొదలు పండ్రెండు వరకు, సర్కారీ దవాఖానాకు పోవు మన స్త్రీలకు తోడుపోవుటకు, మరాఠీ చదువ వ్రాయ మాటలాడ వచ్చిన స్త్రీలు నలుగురు కావలెను. రానుపోను రిక్షా ఖర్చు సంఘము భరించును, జీతము లేదు. ఇద్దరు ఉపాధ్యాయినులు ఇదివరకే ఒప్పుకొన్నారు. మిగిలిన ఇరువురు ఈ ఆదివారము సాయంకాలము లోపల సంఘ కార్యాలయములోని పుస్తకములో పేరు వ్రాయించినచో, ఏ దినము ఎవరి వంతు అను పట్టిక వచ్చే సంచికలో అచ్చు వేయింతుము.